పావుగంట

మార్కాపురంలో, కంభం రోడ్డు మీద
ఎడమచేతి వైపు రేకుల షెడ్డు నాది.
గేటు మీద నీలి అక్షరాలతో యెహోవా యీరే,
కింద ఫోన్ నంబరు.

పొద్దున ఎనిమిదికి గంట కొడతాం.
మిషన్లు వేయకముందు అందరం నిలబడి ప్రార్థన.
మా నాయన పెట్టిన అలవాటు అది.
గనిలో తలమీద రాయి మోసినవాడు,
పలకరాయి పొర విప్పే ఉలి చప్పుడుకే
కీర్తనలు వరస కట్టుకున్నవాడు.
ఆయన పోయాక
నేను ప్రార్థనను కొంచెం పొడుగు చేశాను.
చెన్నై రేవులో ఆగిన కంటైనరు కోసం,
కరెంటు కోతలు తగ్గాలని,
బ్యాంకు మేనేజరు మనసు మెత్తబడాలని.
అరవై రెండు మంది తలలు వంచేవాళ్లు.
మస్తాన్‌బీ కూడా.
ఆమె ఎవరితో మాట్లాడుకునేదో
నేనెప్పుడూ అడగలేదు.

మొన్న శనివారం కూలి పంచుతుంటే
రాహేలమ్మ నోట్లు లెక్కపెట్టుకుని
కొంగున ముడేసుకుని
కదల్లేదు.
పాలిషింగ్ దగ్గర పదకొండేళ్లుగా ఉంది.
కనురెప్పల మీద బూడిదరంగు దుమ్ము,
గొంతులో అదే దుమ్ము.
గుడిలో దగ్గు వస్తుందని
పాస్టరుగారు ఆమెను తలుపు దగ్గర కూర్చోమన్నారు.

"ఒక్క మాట అయ్యా.
పొద్దున ఆ పావుగంట
దేవుడి లెక్కా, మీ లెక్కా, మా లెక్కా?"

అర్థం కాలేదు నాకు.

"సాయంత్రం ఆరుంబావుకి వదుల్తారు గదా.
తర్లుపాడు బస్సు ఆరింటికే పోద్ది.
ఆటోకి ఇరవై.
ఊరికే అడిగాలెండి."

ఊరికే అడిగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అంచు విరిగిన పలకొకటి తీసుకుని
బలపంతో లెక్క వేశాను.
పావుగంట, నెలకి ఇరవై ఆరు రోజులు.
ఏడాదికి డెబ్భై ఎనిమిది గంటలు.
పదకొండేళ్లు.
నూటేడు రోజుల కూలి, ఒక్క రాహేలమ్మదే.
మిగతా అరవై ఒక్కరివి రాయడానికి
పలక చాల్లేదు.
పలకలు చేసేవాడి ఇంట్లో.

అందులోంచే దశమభాగం ఇచ్చాను ప్రతి నెలా,
కవరు మీద పేరు రాసి.
గుడిలో కొత్త మైకుసెట్టు నాదే.

నిద్ర పట్టలేదు.
వడ్రంగం చేసినన్నాళ్లూ
ఆయనకీ ఎగ్గొట్టినవాళ్లు ఉండే ఉంటారు.
నాగలి చేయించుకుని
రేపు రా, ఎల్లుండి రా అన్నవాడు
నజరేతులో ఒకడైనా ఉండడా?
వాడూ సబ్బాతునాడు ముందు వరసలోనే
కూర్చుని ఉంటాడు.
చెక్కపొట్టు రాలుతున్న తలతో
ఆయన తలుపు దగ్గర.

మా ఆవిడ అంది, ఇకమీదట మార్చు, చాలు,
పాతవి తవ్వితే అబ్బాయి ఫీజు ఎట్లా కడతాం?
గుమాస్తా అన్నాడు, ఒకళ్లకి ఇస్తే
మొత్తం షెడ్డు లేచి నిలబడుద్ది సార్.
నిలబడే ఉన్నారు గదయ్యా, అన్నాను,
పదకొండేళ్లుగా, కళ్లు మూసుకుని.

సోమవారం గంట కొట్టాక చెప్పాను,
ఇకనుంచి ఆరుకి ముందే మిషన్లు ఆపేస్తాం,
ప్రార్థన కంపెనీ టైములోనే.
పాతబాకీ సంగతి సగమే నోరు దాటింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ప్రార్థన మొదలుపెడదామంటే
మాట రాలేదు.

రాహేలమ్మ మాస్కులా కట్టుకున్న కొంగు కిందికి లాగి
తనే అందుకుంది:
"ప్రభువా, రంపంలో ఎవరి వేళ్లూ పడకుండా చూడు.
ఆరింటి బస్సు అందించు. ఆమేన్."

ఆమీన్, అంది మస్తాన్‌బీ, అందరికంటే గట్టిగా.

అర నిమిషం కూడా పట్టలేదు.
వాళ్లు పనిలోకి వెళ్లిపోయారు.
రంపం అందుకుంది, దుమ్ము లేచింది.
మిగిలిన పద్నాలుగున్నర నిమిషాలు
ఏం చేయాలో తెలియక
నేనొక్కణ్ణే నిలబడ్డాను.

ఆ పలక ఆఫీసులో మేకుకి వేలాడదీశాను.
పలకే కదా, తడివేలు చాలు చెరిగిపోవడానికి.
చెరపలేదు.
మొత్తం కట్టనూ లేదు, ఇంకా.